సమాన పని సరే, సమానం ఎవరితో?

(వేతనం - కులం - కోర్టు: 9వ భాగం)



ప్రమోషన్లలో రిజర్వేషన్ల కేసుల గురించి ముందు భాగాల్లో చాలా మాట్లాడుకున్నాం. అది మెట్లెక్కనివ్వరా అన్న గొడవ. ఈసారి అసలు మెట్లే లేని వాళ్ల గురించి రాస్తున్నాను. ఊరి వెట్టి, తలయారి, బారిక. ఇప్పటి కాగితాల్లో వీఆర్‌ఏ.

ఉద్యోగాలకు చదివే పిల్లలు తరచూ ఒక ప్రశ్న వేస్తుంటారు. "సమాన పనికి సమాన వేతనం అని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది కదా, మరి మన ఊరి వీఆర్‌ఏకి ఇప్పటికీ స్కేలు ఎందుకు లేదు?" అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు ఒక్క తీర్పులో దొరకదు. రెండు వందల ఏళ్ల వెనక్కి వెళ్లి, పాతపట్నం నుంచి ఢిల్లీ దాకా నడిచి రావాలి.

ముందు స్కేలు అంటే ఏమిటో సరిగ్గా తెలుసుకుందాం. స్కేలు అంటే ఒక అంకె కాదు, మెట్ల వరస. మొదటి మెట్టు బేసిక్. ఏటా ఒక ఇంక్రిమెంటు. ధరలు పెరిగితే డీఏ. కొన్నేళ్లకోసారి పీఆర్‌సీ వచ్చి మొత్తం మెట్లనే పైకి జరుపుతుంది. ప్రమోషన్ రాక ఒకే కుర్చీలో ఉండిపోయిన వాళ్ల కోసం మన రాష్ట్రంలో ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీం ఉంది. 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసు పూర్తయితే పోస్టు మారకపోయినా పై గ్రేడు వస్తుంది. వీటన్నిటి మీదే రిటైర్మెంటు లెక్కలు ఆధారపడతాయి. అంటే ఒకసారి స్కేలులో అడుగుపెడితే కాలం మన తరఫున పనిచేస్తుంది.

గౌరవ వేతనంలో ఆ మెట్లు ఉండవు. ఆంధ్రప్రదేశ్‌లో వీఆర్‌ఏకి కొన్నేళ్లుగా ఇస్తున్నది నెలకు 10,500 రూపాయలు. నిన్న చేరినవాడికీ అంతే, పాతికేళ్లు చేసినవాడికీ అంతే. ఇక్కడ కాలం ఎవరి తరఫునా పనిచెయ్యదు. ఆ మాట చూడండి, గౌరవ వేతనం! గౌరవం ఇచ్చినచోట ఎవరూ ఆ పేరు వాడలేదు. కలెక్టరు జీతాన్ని గౌరవ వేతనం అనరు.

ఇక చరిత్రలోకి వద్దాం.

పాతపట్నం ఒకప్పుడు పర్లాకిమిడి జమీందారీలో భాగం, గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్నం అటు పోయింది, పాతపట్నం ఇటు మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలో మిగిలింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాక ఇందులోకి వచ్చింది. సరిహద్దులు ఇన్నిసార్లు మారాయి. ఊరి చివర పేటలో మనిషి చేసే పని మాత్రం మారలేదు.

కంపెనీ వాళ్లు 1802లో శాశ్వత శిస్తు విధానం తెచ్చినప్పుడే, అదే ఏడాది 29వ రెగ్యులేషన్‌తో కరణాల పదవికి చట్టం రాశారు. ఆ పదవి వంశపారంపర్యం. తర్వాత జమీందారీ ఊళ్ల కోసం 1894లో ఒక గ్రామ సేవల చట్టం, 1895లో వంశపారంపర్య గ్రామ పదవుల చట్టం వచ్చాయి. పైన మునసబు, కరణం. కింద తలయారి, వెట్టి. ఇలా కులం తయారుచేసిన వరసనే చట్టం కాగితం మీదికి ఎక్కించింది.

మన ఉత్తరాంధ్రలో ఇంకో సంగతి ఉంది. రాష్ట్ర ఎస్సీ జాబితా తీసి చదవండి. అందులో దండాసి ఉంటుంది, బారికి ఉంటుంది. గంజాం ఊళ్లలో కావలి కాసినవాళ్లు దండాసులు. బారిక అంటే ఊరి నౌకరీ చేసేవాడు. అంటే ఇక్కడ పని పేరే కులం పేరైపోయింది. మునసబు పని చేసినవాళ్లకి మునసబు అనే కులం రాలేదు. వాళ్లకి అది హోదా, మనకి అది జన్మ.

తలయారుల్లో బీసీ కులాల వాళ్లు కూడా ఉన్నారు, కాదనను. కానీ వెట్టి పని ఎక్కువ చోట్ల ఎవరి మెడకి పడిందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ పనికి నెల జీతం లేదు. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఇచ్చే మేర, ఎక్కడైనా ఉంటే కాస్త మాన్యం. మేర అంటే రైతు దయ. గింజలు బాగా పండితే ఒక లెక్క, పండకపోతే మరో లెక్క, ఎదురు మాట్లాడితే అసలు లెక్కే లేదు.

ఈ సమస్యను చట్టసభలో ఎదుర్కొన్న మనిషి బాబాసాహెబ్. ఆయన 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రవేశపెట్టిన బిల్లు మహర్ వతన్ గురించే. వతన్ అంటే మన మాన్యం లాంటిదే. 1874 నాటి వంశపారంపర్య పదవుల చట్టం కింద మహర్లు రాత్రనక పగలనక సర్కారు పని చెయ్యాలి. పిలిచినప్పుడు ఆ మనిషి ఇంట్లో లేకపోతే ఇంట్లో ఉన్న మరొకరు వెళ్లాలి. ప్రతిఫలం ఒక చిన్న భూమి ముక్క, ఊరివాళ్లిచ్చే బలుతా గింజలు. చాకిరీ సర్కారుది, కూలి ఊరిది! ఈ ముడి విప్పాలన్నదే ఆయన ప్రయత్నం. ఆ బిల్లు నెగ్గలేదు, వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. బొంబాయి రాష్ట్రంలో కింది వతన్లు రద్దవడానికి 1958 దాకా పట్టింది. అప్పటికి ఆయన లేరు.

ఎందుకు చెబుతున్నానంటే, మన ఉద్యమంలో కొందరు జీతం, గ్రేడు అనగానే "అది ఉద్యోగ సంఘాల గొడవ, ఆత్మగౌరవ పోరాటం వేరు" అంటారు. అంబేద్కర్‌కి అది వేరు కాదు. ఎవరి దయా లేకుండా నెల తిరిగేసరికి చేతికి రావాల్సిన డబ్బు వస్తే, మనిషి ఊరి పెద్ద కళ్లలోకి చూసి మాట్లాడగలడు. స్కేలు అంటే అది.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి పెద్ద దెబ్బ మన తెలుగు నేల మీదే పడింది. గుంటూరు జిల్లా పెరవలిపాలెం మునసబు పోస్టు మీద తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గాజుల దశరథ రామారావు కేసుగా న్యాయ విద్యార్థులకి తెలిసినదే. 1895 చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం పాత మునసబు కుటుంబానికే ముందు అవకాశం ఇవ్వాలి. అది వంశం ఆధారంగా వివక్ష, రాజ్యాంగం 16(2)కి విరుద్ధం అని 1960 డిసెంబరు 6న కోర్టు చెప్పింది. ఇంకో ముఖ్యమైన మాట కూడా అంది. గ్రామ పదవి రాజ్యం కింద పదవే అని.

ఈ తీర్పు ఎవరి తలుపు తెరిచింది? మునసబు కుర్చీకి అర్హత ఉన్న ఎవరైనా పోటీ పడొచ్చన్నది. బాగుంది. మరి వెట్టి పనికి? వంశ హక్కు పోయింది కదా అని ఏ పెద్ద కులం కుర్రాడైనా డప్పు భుజాన వేసుకుని చాటింపుకి వచ్చాడా? రాలేదు. పై పదవిలో వంశం ఒక హక్కు, దాన్ని కోర్టు కొట్టేసింది. కింది పనిలో వంశం ఒక బరువు, దాన్ని ఏ కోర్టూ దించలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివరికి దీని దగ్గరికే వస్తాం.

తర్వాత 1984 జనవరి 6. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పార్ట్ టైం గ్రామాధికారుల పోస్టులు రద్దు చేసింది. కరణాలు, మునసబులు పోయారు. ఊళ్లో కరణం కలం పెత్తనం విరిగిన రోజది, దాని విలువ తక్కువ చెయ్యను. వాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1985లో టి. వెంకటరెడ్డి కేసులో కోర్టు ఆ రద్దును సమర్థించింది. పోస్టు పెట్టే అధికారం ఉన్న ప్రభుత్వానికి తీసే అధికారమూ ఉంటుందని తేల్చింది.

పై వాళ్లు పోయారు, కింది మనిషి అక్కడే ఉన్నాడు. కరణం స్థానంలో కొత్త ఉద్యోగులు వచ్చారు, పేర్లు మారుతూ చివరికి వీఆర్వో అయింది, దానికి స్కేలు వచ్చింది. వెట్టి, తలయారి గ్రామ సేవకుడయ్యాడు, తర్వాత వీఆర్‌ఏ అయ్యాడు. అర్హత ఉన్న కొందరికి వీఆర్వోగా వెళ్లే దారి దొరికింది. మిగిలినవాళ్లకి పేరు మారింది, మెట్టు రాలేదు.

ఇప్పుడు కోర్టుల దారి చూద్దాం. స్కేలు కోసం కోర్టుకి వెళ్లే కింది ఉద్యోగి రెండు గడపలు దాటాలి.

మొదటి గడప: నీది అసలు ప్రభుత్వ పోస్టేనా?

ఈ గడప దగ్గర తీర్పులు మనకి అనుకూలంగానే మొదలయ్యాయి. అస్సాంలో మౌజాదారు అని ఒకడుండేవాడు. భూమి శిస్తు వసూలు చేస్తాడు, జీతం లేదు, కమిషన్ వస్తుంది, సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. అతనిది సివిల్ పోస్టే అని 1966లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పార్ట్ టైం అయినంత మాత్రాన పోస్టు కాకుండా పోదని దాని సారం. 1977లో పి.కె. రాజమ్మ కేసులో ఊళ్లలోని ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ తపాలా ఏజెంట్లవీ సివిల్ పోస్టులే అని తీర్పు వచ్చింది. 1983లో గుజరాత్ పంచాయతీ ఉద్యోగుల కేసు, రమణ్‌లాల్ కేశవ్‌లాల్ సోనీ కేసు. పంచాయతీ సర్వీసు వాళ్లు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులే, పే కమిషన్ ప్రయోజనాలు వాళ్లకీ ఇవ్వాలి అన్నారు. ఇచ్చేది ఎగ్గొట్టడానికి వెనకటి తేదీ నుంచి అమలయ్యేలా ప్రభుత్వం చేసిన సవరణను కొట్టేశారు. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి.

రెండో గడప: నీ పని ఎవరి పనితో సమానం?

ఇక్కడా తలుపు తెరిచింది చిన్నప్పరెడ్డిగారే. 1982 ఫిబ్రవరి 22, రణధీర్ సింగ్ కేసు. ఆయన ఢిల్లీ పోలీసులో డ్రైవర్ కానిస్టేబుల్. మెట్రిక్ చదవని డ్రైవర్‌కి అక్కడ స్కేలు 210-270. రైల్వే రక్షక దళంలో డ్రైవర్‌కి 260-400. అదే స్టీరింగు, అవే రోడ్లు. సమాన పనికి సమాన వేతనం ఆదేశిక సూత్రాల్లో 39(డి)లో ఉంది, దాన్ని 14, 16 అధికరణాలతో కలిపి చదివితే అమలు చేయించుకోగల హక్కే అవుతుందని కోర్టు అంది. 1973 జనవరి 1 నుంచి రైల్వే రక్షక దళం డ్రైవర్ స్కేలుతో సమానం చెయ్యమంది.

ఎంత గొప్ప తీర్పు! కానీ అది గెలవడానికి ఏం కావాల్సి వచ్చిందో గమనించారా? పక్కన ఇంకో డ్రైవర్ ఉండాలి. అదే పని చేస్తూ ఎక్కువ స్కేలు తీసుకునేవాడు కనిపించాలి. రణధీర్ సింగ్ వేలు చూపించడానికి అటువైపు ఒక మనిషి ఉన్నాడు.

వెట్టివాడు ఎవరి వైపు వేలు చూపించాలి?

తర్వాతి ముప్పై ఏళ్లలో ఈ రెండో గడప ఎత్తు పెరుగుతూ పోయింది. 1988లో జె.పి. చౌరాసియా కేసులో ఒకే పని చేసే వాళ్లలో రెండు గ్రేడులు పెట్టినా తప్పులేదు, పోస్టుల పోలిక నిపుణుల పని, పే కమిషన్‌కి వదిలెయ్యాలి అన్నారు. 1991లో గృహ కల్యాణ్ కేంద్రాల కార్మికుల కేసు వచ్చింది. కేంద్ర ఉద్యోగుల కుటుంబాల సంక్షేమం కోసం నడిచే కేంద్రాలవి, పనిచేసేవాళ్లకి ఇచ్చేది గౌరవ వేతనం. రెగ్యులర్ స్కేలు అడిగితే, పోల్చడానికి తగిన ఉద్యోగులు ఎక్కడా లేరని తోసిపుచ్చారు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి తీర్పు, నియమాల ప్రకారం రానివాళ్లని రెగ్యులర్ చెయ్యమని కోర్టులు ఆదేశించకూడదని. అదే ఏడాది డిసెంబరులో అమీర్‌బీ కేసు, అంగన్‌వాడీ కార్యకర్తలది సివిల్ పోస్టే కాదని. 1966లో కమిషన్ తీసుకునే మౌజాదారుకి ఉన్న హోదా, నలభై ఏళ్ల తర్వాత ఊరి పిల్లలకి అన్నం పెట్టే ఆడమనిషికి లేకపోయింది.

2016 అక్టోబరు 26న జగ్జీత్ సింగ్ కేసులో మళ్లీ కాస్త గాలి వచ్చింది. తాత్కాలిక ఉద్యోగి అయినా సరే, రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తుంటే ఆ పోస్టు స్కేలులో కనీస మెట్టు జీతం ఇవ్వాల్సిందే అని. మన సంఘాల కరపత్రాల్లో ఈ తీర్పు పేరు బాగా కనబడుతుంది. మంచిదే. అయితే తీర్పు మొత్తం చదవండి. సమానమని రుజువు చేసుకునే బరువు అడిగేవాడి మీదే ఉంటుంది. ఇస్తే కనీస మెట్టే ఇస్తారు, పై మెట్లు కాదు. అన్నిటికన్నా ముందు, అదే పని చేసే రెగ్యులర్ పోస్టు ఒకటి ఉండాలి.

ఈ భాగంలో నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. సమాన వేతనం అన్న సూత్రం పోలిక మీద నిలబడింది. పోలిక కుదరాలంటే ఒకే పనిని వేరువేరు మనుషులు చేస్తూ ఉండాలి. కులం చేసిందే దానికి అడ్డం. కొన్ని పనుల్ని కొందరికి మాత్రమే అంటగట్టి, మిగతా ఎవరూ వాటి దగ్గరికి రాకుండా చూసింది. అందుకే ఆ పనిలో స్కేలు తీసుకునే రెండో మనిషి ఉండడు. కోర్టు "నీతో సమానుడు ఎవడు" అని అడుగుతుంది. ఊళ్లో అతనికి సమానుడు లేకుండా చేసిందే కులం. అంటే అన్యాయం ఎంత సంపూర్ణంగా జరిగితే, దాన్ని కోర్టులో రుజువు చెయ్యడం అంత కష్టం అవుతోంది. డ్రైవర్‌కి జరిగింది సగం అన్యాయం కాబట్టి అతను గెలిచాడు. వెట్టికి జరిగింది పూర్తి అన్యాయం, అందుకే అతని కేసు నిలబడదు.

ఇది జడ్జీల మంచితనానికో చెడ్డతనానికో సంబంధించిన విషయం కాదు. కొలిచే గిన్నె తయారీలోనే ఉంది.

మరి దారి లేదా? తెలంగాణ అనుభవం చూడండి. అక్కడ 2020లో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు, వీఆర్‌ఏలు మిగిలారు. 2022 జులైలో పే స్కేలు కోసం సమ్మెకి దిగి అక్టోబరు దాకా, సుమారు 80 రోజులు నిలబడ్డారు. మరుసటి ఏడాది జులైలో 20,555 మంది వీఆర్‌ఏలను వేరువేరు శాఖల్లో సర్దుబాటు చేసి స్కేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కోర్టు పోలిక వెతుకుతూ ఉండగానే సమ్మె ప్రభుత్వం చేత పోస్టు పెట్టించింది.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఆ ఉత్తర్వులు వెంటనే హైకోర్టుకెక్కాయి. ఇప్పటికే శాఖల్లో ఉన్న ఉద్యోగుల్లో కొందరు తమ సీనియారిటీ, తమ ప్రమోషన్లు ఏమవుతాయని అడిగారు. వాళ్లని తిట్టడం తేలిక. కానీ వాళ్లూ కింది మెట్ల మీద నిలబడి ఉన్నవాళ్లే, ఏళ్ల తరబడి ఒక్క ప్రమోషన్ కోసం చూస్తున్నవాళ్లే. ఇరుకు మెట్ల మీద కింది వాళ్లిద్దరినీ తోపులాటకి వదిలి, పైన కూర్చున్నవాళ్లు చూస్తుంటారు. ఈ ఉచ్చులో మన సంఘాలు పడకూడదు. కొత్తగా వచ్చేవాళ్లకి అదనపు పోస్టులు సృష్టించమని అడగాలి, ఉన్నవాళ్ల మెట్టు లాక్కోమని కాదు.

కోర్టు దారి కూడా వదలక్కర్లేదు. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలకి, సహాయకులకి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. గౌరవ వేతనం అని పేరు పెట్టినంత మాత్రాన అది వేతనం కాకుండా పోదని తేలింది. పేరు కాదు, పని చూడాలి. ఈ కంతలోంచే దారి వెడల్పు చెయ్యాలి.

అందుకే పాతపట్నం, మెళియాపుట్టి, హిరమండలం వైపు చదువుకుంటున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక పని చెబుతున్నాను. మీ ఊరి వీఆర్‌ఏ పేరు గ్రామ సహాయకుడు. ఆయన నిజంగా చేస్తున్న పని ఏమిటో కాగితం మీద పెట్టండి. తహశీల్దారు ఆఫీసులో రాత్రి కాపలా ఎన్ని రోజులు, ఎన్నికల డ్యూటీ ఎన్నిసార్లు, సర్వేయరు వెంట గొలుసు పట్టింది ఎన్ని ఎకరాల్లో, అనాథ శవం దగ్గర పంచనామా అయ్యేదాకా కూర్చున్నది ఎన్ని గంటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఎన్ని రోజులు ఇంటికి వెళ్లలేదు. డ్యూటీ ఆర్డర్లు, మెమోలు, హాజరు పుస్తకాల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ పనుల్లో ఒక్కొక్కటీ ఇంకో ఆఫీసులో ఎవరో ఒకరు స్కేలు తీసుకుంటూ చేస్తున్నదే. అటెండరు, నైట్ వాచ్‌మన్, చైన్‌మన్. పోస్టు పేరుతో పోలిస్తే వెట్టికి సమానుడు దొరకడు. పనిని ముక్కలు చేసి పోలిస్తే ముగ్గురు దొరుకుతారు. ఒక్కడు ముగ్గురి పని చేస్తున్నాడని అప్పుడు తెలుస్తుంది.

పార్ట్ టైం అన్న మాటకి జవాబు కూడా ఆ కాగితాల్లోనే ఉంది.

బాబాసాహెబ్ 1928లో అడిగిన దాంట్లో కొత్తగా కలపాల్సింది ఏమీ లేదు. చాకిరీ సర్కారుదైతే కూలి కూడా సర్కారే ఇవ్వాలి, ఇచ్చేది దయగా కాదు, లెక్కగా ఇవ్వాలి. ఆ లెక్క పేరే స్కేలు.

వచ్చే భాగంలో మున్సిపల్ పారిశుధ్య కార్మికుల గురించి. కాంట్రాక్టు అన్న మాట వెనక దాక్కున్న యజమాని ఎవరో చూద్దాం.

జై భీమ్.